సమస్యాపూరణం: “సున్న జేయ మోత మిన్ను నంటె”

తంత్రి: ఈసారి సమస్య గిటార్ ప్రీఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి, టోన్ సరిచేసే నాబులు ఉండే భాగం) మీద. ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను.

సున్న జేయ మోత మిన్ను నంటె

నాబును సున్నాకి తిప్పితే మోత తగ్గాలి గానీ మిన్నంటడం ఏమిటన్నదే చిక్కు. సున్న–మిన్ను ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలవడం) సరిపోయింది కాబట్టి పాదాన్ని కదపొద్దు. బేసు (కింది స్వరాలు), మిడ్డు (మధ్యవి), ట్రెబులు (పైవి), గెయిను (శబ్దాన్ని పెంచే నాబు) ఏ మాటైనా వాడుకోండి, కానీ చెప్పిన సంగతి వాయించి చూస్తే నిజం కావాలి, నాకు అదే ముఖ్యం.

చిరుగాలి: నా ప్రయత్నం. స్టేజీ మీద అకూస్టిక్ గిటార్‌తో రోజూ పడే బాధ ఇది.

బేసు హెచ్చగానె పెట్టె గుమ్మని మూల్గె
గొంతు పెంచలేక గుటక మింగి
బొటనవేలితోడ బుడిపె వెన్కకు తిప్పి
సున్న జేయ మోత మిన్ను నంటె

తంత్రి: గణాలు, యతులు అన్నీ కుదిరాయి. “గుటక మింగి” చదవగానే స్టేజీ మీద ఆ క్షణం కళ్ళ ముందుకొచ్చింది. కానీ బేస్ తగ్గించినంత మాత్రాన మోత పెరగదు కదండీ, గుమ్మనే ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ శబ్దం తిరిగి గిటార్‌లోకే చేరి మోగడం) పోయి వాల్యూమ్ పెంచుకునే చోటు దొరుకుతుంది, ఆ పెంచడమే పద్యంలో లేదు. ఇంకో మాట: పెద్ద పెట్టె ఉన్న గిటార్‌లో ఆ మూలుగు చాలాసార్లు 100 హెర్ట్జ్ దగ్గర్లోనే పుడుతుంది, అన్నిటికంటే లావైన ఆరో తీగ 82 హెర్ట్జ్, అంటే బేస్ మొత్తం తీసేస్తే ఆ తీగ కూడా పలచబడుతుంది. నాచ్ ఫిల్టర్ ఉంటే ముందు దానితో మూలుగు ఉన్న చోటు ఒక్కదాన్నే కోసి చూడండి.

నిషాదం: నాది ఎలక్ట్రిక్ వైపు నుంచి.

ట్రెబులు బేసు రెండు రెక్క లార్చిన వేళ
మిడ్డు నడుమ చిక్కి మిన్నకుండె
దాని పదికి పెంచి తక్కిన రెంటిని
సున్న జేయ మోత మిన్ను నంటె

పాత ఫెండర్ కంపెనీ ఆంప్‌ల తరహా టోన్ సర్క్యూట్‌లో మూడు నాబులూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి, అన్నీ మధ్యలో పెట్టినా మిడ్ దగ్గర ఒక గుంట ఉండనే ఉంటుంది. బేస్, ట్రెబుల్ సున్నా, మిడ్ పది పెడితే దాదాపు సమతలమైన ధ్వని వస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నా గిటార్ అసలు గొంతు ఇదా అని ఆశ్చర్యపోయాను.

చిరుగాలి: “మిన్నకుండె” ఎంత బాగా పడిందండీ! ఒక సందేహం, అలా పెడితే మొత్తం శబ్దం పెరుగుతుందా?

నిషాదం: లేదు, బాగా తగ్గుతుంది. అది పాసివ్ సర్క్యూట్, దేన్నీ పెంచలేదు, కొంత పోగొట్టి మిగిలింది ఇస్తుంది, మిడ్ కూడా సున్నా చేస్తే దాదాపు ఏమీ వినపడదు. వాల్యూమ్ పెంచుకున్నాక మాత్రం బ్యాండ్ మధ్యలో ఆ మిడ్ తేలి వినిపిస్తుంది. పూరణలో అది రాలేదు, ఒప్పుకుంటాను.

ఏకతార: నేను మోత ఎవరిదన్న దగ్గర మెలిక పెట్టాను.

ఇద్దరొక్కచోట నిరుకగ నేలంచు
తోటివాని కింత చోటు విడిచి
నాదు బేసు నేను నవ్వుచు తగ్గించి
సున్న జేయ మోత మిన్ను నంటె

మోత బేస్ గిటార్ వాయించేవాడిది. అతని అడుగు తీగ 41 హెర్ట్జ్, నాది 82, సరిగ్గా ఒక స్థాయి పైన, కాబట్టి నా ప్రీఆంప్‌లో బేస్ నింపితే ఇద్దరం కలిసి బురదే.

తంత్రి: భావంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, ఒంటరిగా ఇంట్లో బాగున్న టోన్ బ్యాండ్‌లోకి వెళ్ళగానే ఎందుకు మునిగిపోతుందో రెండో పాదం ఒక్కటే చెప్పేసింది. అయితే “తగ్గించి సున్న జేయ” అన్నది చెప్పిందే చెప్పడం. “తోటివాడు” బేస్ గిటార్ అతనని తెలిసే మాట కూడా ఎక్కడైనా ఉండాలి, ఇప్పుడు మీ వివరణ లేకపోతే అందదు.

చిరుగాలి: నా మూడో పాదం మార్చాను, చూడండి.

గెయిను పెంచుకొనుచు గిరగిర బేసును
సున్న జేయ మోత మిన్ను నంటె

తంత్రి: ఇప్పుడు అర్థం కుదిరింది. బొటనవేలు పోయినందుకు మాత్రం బాధగానే ఉంది.