బఫర్‌కు 9 ప్యాకెట్లు చాలంటోంది లెక్క, మరి ఎందుకు పొర్లుతుంది?

కాజీపేట_లింక్:
అన్నలూ, ఎనుమాముల మార్కెట్ యార్డులో వేబ్రిడ్జి రీడింగులు వైర్‌లెస్ మీద ఆఫీసుకు పంపే డిజైన్ ఇది. స్లాటు (పంపే సమయంలో ఒక ముక్క) 100 మిల్లీసెకన్లు, స్లాటుకు 1 ప్యాకెట్ (ఒక రీడింగు) వస్తది. లింకు మంచిగుంటే స్లాటుకు 2 పోతయ్, లేకుంటే ఒక్కటీ పోదు. మొత్తం మీద ఆరో వంతు స్లాట్లు చెడ్డవి. పోకుండా ఆగిన ప్యాకెట్ల క్యూ, వాటిని దాచే బఫర్‌ను దాటే అవకాశం పది లక్షల్లో 1 మించొద్దు. లెక్కేస్తే 9 ప్యాకెట్లు చాలని వచ్చింది, సిమ్యులేషన్‌లో 20 ఇచ్చినా పొర్లుతుంది.

హనుమకొండ_ఆర్ఎఫ్:
ఏ స్లాటుకా స్లాటు విడి అనుకున్నవ్ తమ్మీ, 9 అందుకే వచ్చింది. యాంటెన్నాల నడుమ నుంచి లారీ పోతుంటే ఒక్క స్లాటు కాదు, వరసగా పది స్లాట్లు చెడ్తయ్. ఆరో వంతు అంతే ఉంటది, కానీ చెడంతా ఒక్కచోట కుప్పపడ్తది.

రెండు స్థితుల మార్కోవ్ మోడల్ (తర్వాతి స్లాటు మంచిదా చెడ్డదా అన్నది ఇప్పటి స్లాటు మీదే ఆధారపడేది) పెట్టు. మంచి నుంచి చెడుకు పోయే సంభావ్యత ఆల్ఫా = 0.02, చెడు నుంచి మంచికి బీటా = 0.1 (చెడు సగటున 10 స్లాట్లు, మంచి 50). నీ లింకుకు, క్యూ పొడవు పెరిగే కొద్దీ అవకాశం ఎంత వేగంగా తగ్గుతదో చెప్పే
తీటా = సహజ లాగ్ [(1 − ఆల్ఫా) ÷ (1 − బీటా)] = 0.085.
క్యూ పొడవు ‘బి’ ప్యాకెట్లను దాటే సంభావ్యత దాదాపు e పవర్ (−తీటా × బి), e అంటే సహజ లాగ్ ఆధారం. పది లక్షల్లో 1 కావాలంటే 163 ప్యాకెట్లు. 20 దగ్గర ఇది 0.18, పొర్లక ఏం జేస్తది!

ఆల్ఫా, బీటాలను ఏసీకే లాగ్ (ప్యాకెట్ అందిందన్న జవాబుల రికార్డు) నుంచే తీయాలె, అదీ లారీలు బారులు తీరే మిర్చి సీజన్ పగటి లాగ్. రాత్రి లాగ్ నమ్మొద్దు. బీటా 0.1 బదులు 0.09 అయితే చాలు, 163 కాస్తా 187 అయితది.

పరకాల_క్యూ:
పై సూత్రం వాలు (బి పెరిగే కొద్దీ తగ్గే వేగం) చెప్తది, e పవర్‌కు ముందుండే గుణకం చెప్పదు. దానికి సిమ్యులేషన్ కావాల్సిందే. మామూలుగా నడిపితే 10 శాతం తేడాలోపు రావడానికే పది కోట్ల విడివిడి నమూనాలు కావాలె. మన స్లాట్లు ఒకదానికొకటి ముడిపడ్డవి, ఇంకా ఎక్కువే పడ్తయ్.

ఇంపార్టెన్స్ శాంప్లింగ్ (అరుదైన పొర్లుడు తరచూ జరిగేట్టు సంభావ్యతలు మార్చి, ఆ తేడాను బరువుతో సరిదిద్దే పద్ధతి) వాడు. ఈ మోడల్‌లో సులువు: ఆల్ఫా, బీటాలను అటుదిటు చెయ్యి. మంచి→చెడు 0.1, చెడు→మంచి 0.02. క్యూ దానంతటదే పైకెక్కుతది. ప్రతి అడుగుకూ అసలు సంభావ్యతను వాడిన సంభావ్యతతో భాగించి బరువులో గుణించు: చెడు→చెడు అయితే 0.9 ÷ 0.98, మంచి→చెడు అయితే 0.02 ÷ 0.1. క్యూ హద్దు (బి) తాకంగనే అసలు సంభావ్యతలకు రావాలె. చాలామంది ఇది మరుస్తరు, అప్పుడు బరువులు చెల్లాచెదురై జవాబు నిలకడగా రాదు. తాకినంక హద్దు పైనున్న స్లాట్లను బరువుతో లెక్కించి, సగటు చక్రం పొడవుతో భాగించు. చక్రం అంటే క్యూ ఖాళీ అయిన దగ్గర నుంచి మళ్లీ ఖాళీ అయ్యేదాకా.

ఇంకోటి. క్యూలో 163 ఉన్నయంటే ముందున్న రీడింగు 16 సెకన్ల పాతది. రికార్డుకైతే పర్వాలేదు. రైతు ఎదురుంగ వెలిగే తూకం డిస్‌ప్లేకు మాత్రం ఈ క్యూ వద్దు, పాతది పడేసి కొత్త రీడింగే పంపాలె.

కాజీపేట_లింక్:
డిస్‌ప్లేకు వేరే క్యూ పెడ్తున్న అన్నా. చెడు వరసల పొడవులు జ్యామితీయంగా (ప్రతి స్లాటుకూ వరస తెగే అవకాశం ఒకేలా) లేకుంటే?

హనుమకొండ_ఆర్ఎఫ్:
వరస పొడవు ఎన్ దాటే వాటాను లాగ్ స్కేల్ మీద గీయి. గీత సక్కగ వస్తే రెండు స్థితులు చాలు. వంగితే చెడును రెండుగా విడగొట్టు, పోయే లారీ ఒకటి, ఆగిన లారీ ఒకటి. అప్పుడు తీటాకు ఇంత సులువు సూత్రం ఉండదు, స్థితులు మారే సంభావ్యతలను e పవర్ (తీటా × ఆ స్లాటులో క్యూ మార్పు)తో గుణించిన మ్యాట్రిక్స్ అతిపెద్ద ఐగెన్ విలువ (దాని లక్షణ సంఖ్య) 1 అయ్యే, సున్నా కాని తీటాను వెతకాలె.