48 గంటల కోడిపిండంలో వెన్నుపాము తోక వైపు మూసుకోలేదు. లోపమేనా?

ఎమ్మెస్సీ_జువాలజీ_తిరుపతి:
హ్యాచరీ గుడ్లు 38 డిగ్రీల్లో పెట్టి 48 గంటలకు తెరిచాం. ఆరింట్లో నాలుగు పిండాలకు న్యూరల్ ట్యూబ్ (మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం) తోక వైపు విచ్చుకునే ఉంది, సోమైట్లు (ఆ గొట్టానికి రెండు పక్కలా వరసగా ఏర్పడే కణజాలపు గడ్డలు) 11 నుంచి 13 జతలు. మిగతా రెండింటికి 20 దాటాయి, ట్యూబ్ మూసుకుంది. అంతకుముందు గుడ్లు రెండు రోజులు ల్యాబ్ బల్ల మీదే ఉన్నాయి. రికార్డులో లోపమని రాయొచ్చా?

పిండశాస్త్రం_చిత్తూరు:
రాయకండి. గంటలు కాదు, సోమైట్లు లెక్కపెట్టాలి. సుమారు 90 నిమిషాలకో జత ఏర్పడుతుంది. కోడిపిండం ఎదుగుదలకు హాంబర్గర్, హామిల్టన్ అనే శాస్త్రవేత్తలు 1951లో ఇచ్చిన 46 దశల్లో 13 జతలంటే 11వ దశ. అప్పటికి వెనకభాగం తెరిచే ఉండాలి. 25 జతలు దాటినా మూసుకోకపోతే అప్పుడు అనుమానించండి.

తేడా ఎక్కడొచ్చిందంటే, ఆ బల్ల మీదే. పెట్టిన గుడ్డులోనే వేల కణాలుంటాయి. మన ఎండాకాలపు గది వేడికి అవి ఎదగడం మొదలుపెడతాయి, కానీ అన్ని గుడ్లలో ఒకేలా కాదు. కొన్ని ముందుకెళ్తాయి, కొన్ని నీరసించి వెనకబడతాయి. ఇంక్యుబేటర్లో పెట్టేదాకా 15, 16 డిగ్రీల్లో ఉంచండి.

ల్యాబ్_మేడమ్:
ఇంకో మాట. మొదటి రోజే పెంకుకు కిటికీ కోస్తే, ఏ మందూ వేయకపోయినా ట్యూబ్ మూసుకోని పిండాలు పెరుగుతాయి. అందుకే కిటికీ కోసి ఊరికే వదిలేసిన గుడ్లు కంట్రోల్‌గా (పోల్చి చూడటానికి) తప్పనిసరి.

సోమైట్లు కనబడకపోతే ఇండియన్ ఇంకు ఒక పాలు, సెలైన్ పది పాలు కలిపి, సన్నని సూదిని పిండానికి దూరంగా గుచ్చి, అడ్డంగా జరిపి పిండం కిందికి కొంచెం వదలండి. నల్లటి నేపథ్యం మీద రెండు వరసల గడ్డలు తెల్లగా తేలతాయి. సూది పైకి లేస్తే పిండమే చిరిగిపోతుంది.

ఎమ్మెస్సీ_జువాలజీ_తిరుపతి:
థాంక్స్ మేడమ్. తోక చివర కూడా ఇలాగే మడతపడి మూసుకుంటుందా?

పిండశాస్త్రం_చిత్తూరు:
లేదు. ముందుభాగంలో గొట్టంగా మారాల్సిన చదునైన కణాల పలక అంచులు లేచి కజ్జికాయ అంచుల్లా కలుస్తాయి. నడుము కిందికి వచ్చేసరికి తోకమొగ్గ కణాలు ముందు గట్టి కడ్డీలా గుమికూడతాయి. తర్వాత లోపల చిన్న చిన్న ఖాళీలు ఏర్పడి, కలిసిపోయి ఒకే గొట్టమవుతుంది. రెండు పద్ధతులూ కలిసేచోట వాటితో ఏర్పడిన గొట్టాలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఆ అడ్డుకోత చూసి రెండు గొట్టాలున్నాయని లోపం కింద రాసేస్తారు, జాగ్రత్త.