నర్సు ఇంటర్వ్యూలో పెళ్లి, పిల్లల గురించి అడగడం న్యాయమేనా?

ఖమ్మం సిస్టర్:
అందరికీ నమస్కారం. ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో ఐసీయూ స్టాఫ్ నర్స్ పోస్టుకి ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాను. జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసి, తర్వాత దాని మీద చేసే పోస్ట్ బేసిక్ బీఎస్సీ పూర్తిచేసి, ఐసీయూలోనే పనిచేస్తున్నాను. వెంటిలేటర్ మీద ఒక్క ప్రశ్న లేదు. గొట్టంతో కఫం తీసే సక్షన్ ఎలా చేస్తావని లేదు. అడిగినవి ఇవి: పెళ్లయిందా? అయితే పిల్లలెప్పుడు? మీ ఆయన నైట్ డ్యూటీలకి ఒప్పుకుంటాడా? అత్తమామలు మీతోనే ఉంటారా? ఆఖర్న హెచ్‌ఆర్ ఆవిడ "మీరు జంతువైతే ఏ జంతువు అవుతారు, ఎందుకు?" అని ఇంగ్లీషులో అడిగారు.

సూటిగా అడుగుతున్నాను. వీటికి నేను చెప్పే జవాబుల్లో ఏ ఒక్కటైనా, బెడ్ మీద పేషెంట్‌కి రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ పడిపోతుంటే నేనేం చేస్తానో చెబుతుందా? చెప్పదు. మరి ఎందుకు అడుగుతున్నారు? ఇంటర్వ్యూలు తీసుకునేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

వరంగల్ బ్రదర్:
అక్కా, మీకు పెళ్లి ప్రశ్న, మాకు మగ ప్రశ్న. "ఆడోళ్ల పని నీకెందుకు బాబూ" అని ఓ పెద్ద డాక్టర్ సారే అడిగిండు. ఏం చెప్పాలె దానికి? ఇంకోకాడ "లేడీ పేషెంట్‌కి మూత్రం గొట్టం (క్యాథెటర్) వెయ్యాల్సి వస్తే ఏం చేస్తవ్?" అన్నరు. ఇది మాత్రం మంచి ప్రశ్న అంట నేను. ముందుగాల సిస్టర్‌ని పిలుస్త. డ్యూటీల ఎవ్వరు లేకుంటే పేషెంట్‌కి చెప్పి, ఆమె ఒప్పుకుంటేనే, ఇంకో ఆడమనిషిని పక్కన నిలబెట్టుకొని, కర్టెన్ వేసి చేస్త అని చెప్పిన. రెండు ప్రశ్నలు నేను మగోణ్ననే అడిగినయే. కానీ రెండోది పనికి సంబంధించింది, మొదటిది కాదు. నాకైతే ఇంత కంటే వేరే కొలత అక్కర్లేదు.

ఎయిమ్స్‌ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులల్ల మగోళ్లకు 20 శాతమే. గదైనా సరే, ఆ పోస్టులకు పెట్టే నార్సెట్ పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకుంటే ఇంటర్వ్యూ లేదు, ఎవ్వరు ఏమడగరు.

నర్సింగ్ సూపరింటెండెంట్, విజయవాడ:
ఖమ్మం సిస్టర్ అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఇంటర్వ్యూ బల్లకి అవతల కూర్చునేది నేనే. పెళ్లి గురించి నేనూ అడుగుతాను. దాచుకోవాల్సిన పని లేదు.

ఎవరికి ఎప్పుడు డ్యూటీ అని రోస్టర్ వేసేది నేను. వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌కి ఒక నర్సు చొప్పున ఉండాలి, అక్కడ సర్దుబాటు కుదరదు. ఒకే యూనిట్లో ఇద్దరు ఒకేసారి మెటర్నిటీ లీవులో వెళితే వాళ్ల బదులు మేనేజ్‌మెంట్ నాకు మనిషినివ్వదు. ఆ నైట్లు మిగతా నర్సు పిల్లలే చెయ్యాలి. వరుసగా నైట్లు చేసిన పిల్ల పొద్దున్న డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌లో మందుల చార్టు చదువుతూ మధ్యలో ఆగిపోతుంది, చదివిన లైనే మళ్లీ చదువుతుంది. ఆ స్థితిలో డ్రిప్‌లో మందు వెళ్లే వేగం (ఇన్ఫ్యూజన్ రేటు) తప్పితే బాధ్యత ఎవరిది? అందుకని ముందే అడిగి తెలుసుకుంటాను. కొత్తగా వచ్చిన పిల్లకి ఐసీయూ పని నేర్పి, తనంతట తాను బెడ్ చూసుకునేలా చెయ్యడానికి నెలలు పడుతుంది. నేర్చుకున్న మరుక్షణం వెళ్లిపోతే మళ్లీ మొదటికొస్తాం. ఎన్నాళ్లుంటావని అడగడం తప్పని నేననుకోను.

జంతువు ప్రశ్న హెచ్‌ఆర్ వాళ్లది. దాన్ని నేను సమర్థించను.

ఖమ్మం సిస్టర్:
మేడమ్, మీరు ఇంత విడమరిచి చెప్పినందుకు థ్యాంక్స్. మీ ఇబ్బంది నిజమే, ఆ నైట్లు చేసినదాన్ని నేనూ. కానీ బదులు మనిషిని ఇవ్వని తప్పు మేనేజ్‌మెంట్‌ది. దానికి ఉద్యోగం పోయేది మాత్రం ఎదురుగా కూర్చున్న అమ్మాయికి. ఆమె నిజం చెబితే ఉద్యోగం రాదు. అందుకని అబద్ధం చెబుతుంది. "రెండేళ్లదాకా పిల్లలొద్దనుకుంటున్నాం మేడమ్" అని మా బ్యాచ్‌లో అందరూ చెప్పే జవాబే ఇది. ఆ మాట నమ్మి మీరు రోస్టర్ వేసుకోలేరు కదా.

ఇంకొకటి. వరంగల్ తమ్ముణ్ని "మీ ఆవిడ నైట్ డ్యూటీకి ఒప్పుకుంటుందా" అని ఎవరైనా అడిగారా?

వరంగల్ బ్రదర్:
ఇప్పటిదాకా ఎవ్వరు అడగలే అక్కా.

పేరోల్ మనిషి:
ఆసుపత్రి అకౌంట్స్‌లో పనిచేస్తాను. మెటర్నిటీ లీవంటే ఖర్చు అని మేనేజ్‌మెంట్ వాళ్లు అనడం మీటింగుల్లో చాలాసార్లు విన్నాను. ఆ ఖర్చు సంగతి అందరికీ తెలియాలి.

మెటర్నిటీ బెనిఫిట్ చట్టానికి 2017లో చేసిన సవరణతో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలైంది, పూర్తి జీతంతో. కానీ నెలకి 21,000 రూపాయల లోపు వేతనం ఉండి ఈఎస్‌ఐ అనే ఉద్యోగుల బీమా కట్టే సంస్థలో పనిచేసేవాళ్లకి ఆ జీతం ఇచ్చేది ఆసుపత్రి కాదు, ఈఎస్‌ఐ కార్పొరేషన్. మీ పే స్లిప్ తీసి చూడండి. మీ వేతనంలో 0.75 శాతం కోత పడుతుంది, యజమాని 3.25 శాతం కడతాడు. ఆమె సెలవులో ఉన్నన్నాళ్లూ డబ్బు కార్పొరేషన్ నుంచి ఆమె ఖాతాలో పడుతుంది. అంటే ఆ ఆర్నెల్లూ ఆమె జీతం ఆసుపత్రికి మిగులుతుంది. ఆ డబ్బుతోనే బదులు నర్సుని పెట్టొచ్చు. సూపరింటెండెంట్ మేడమ్‌కి ఆ మనిషిని ఇవ్వకపోవడానికి డబ్బు లేకపోవడం కారణం కాదు. 21,000 దాటినవాళ్లకి ఆసుపత్రే ఇవ్వాలి, అక్కడ ఖర్చుందని ఒప్పుకుంటాను. కానీ మన దగ్గర ప్రైవేటు వార్డుల్లో పనిచేసే స్టాఫ్ నర్సుల్లో ఎంతమంది ఆ గీత దాటారు? ప్రైవేటు నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల్లోపు ఆసుపత్రిలోనైనా నర్సుకి నెలకి 20,000కి తగ్గకూడదంది. దానికంటే తక్కువ జీతంతో సంతకాలు పెట్టిన స్లిప్పులు నా చేతుల మీదుగా వెళ్లాయి.

గుంటూరు నుంచి ఒక తండ్రి:
మా అమ్మాయి ఈ ఏడే బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసింది. పెళ్లి సంగతి అడిగితే నాకు తప్పనిపించలేదండి, రాత్రి డ్యూటీలు కదా, ఇంట్లోవాళ్లకి తెలిసుండాలి. నాకు భయం వేసింది వేరే ప్రశ్నకి. "ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెడతారా? రెండేళ్ల బాండ్ రాస్తారా?" అన్నారట. ఇవ్వొచ్చా?

నర్సింగ్ సూపరింటెండెంట్, విజయవాడ:
ఇవ్వకండి అన్నయ్యగారూ. ఒరిజినల్స్ చూపించాలి, జిరాక్సులు ఇవ్వాలి, ఒరిజినల్స్ అదే రోజు వెనక్కి తెచ్చుకోవాలి. రేపు ఎయిమ్స్‌కో, బయటి దేశానికో ఎంపికైతే వెరిఫికేషన్‌కి అవే కావాలి. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అయితే అసలు చేతిలోంచి జారనివ్వకూడదు. బాండ్ మీద సంతకం పెట్టేముందు మధ్యలో మానేస్తే ఎంత కట్టమన్నారో ఆ లైను చదవమనండి.

లీడ్స్ నుంచి:
నేను యూకేలో, ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేస్తున్నాను, మాది రాజమండ్రి. ఇక్కడ ఇంటర్వ్యూలో పెళ్లి, గర్భం గురించి అడగరు. గర్భిణి అనో, ప్రసూతి సెలవు అనో ఉద్యోగం ఇవ్వకపోవడం 2010 ఈక్వాలిటీ చట్టం కింద వివక్ష. ఆఫర్ ఇచ్చేముందు ఆరోగ్యం గురించి అడగడానికి కూడా పరిమితులున్నాయి.

కానీ మనవాళ్లు తడబడేది ఇంకో ప్రశ్న దగ్గర. "మీరు పనిలో చేసిన ఒక తప్పు చెప్పండి" అంటారు. మన దగ్గర నుంచి వచ్చేవాళ్లలో చాలామంది "నేనెప్పుడూ తప్పు చెయ్యలేదు" అంటారు. అక్కడితో మార్కులు పోతాయి. వాళ్లు వినాలనుకునేది వేరు. ముందు పేషెంట్ ఎలా ఉన్నారో చూశావా, డాక్టర్‌కి చెప్పావా, పేషెంట్‌కి ఉన్నదున్నట్టు చెప్పావా, ఇన్సిడెంట్ రిపోర్ట్ రాశావా, ఆ తర్వాత పనిలో ఏం మార్చుకున్నావు. ఆ వరసలో చెబితే చాలు. పేషెంట్‌కి నిజం చెప్పడమనేది 2014 నుంచి ఇక్కడి ఎన్‌హెచ్‌ఎస్ సంస్థల మీద చట్టబద్ధమైన బాధ్యత. మన వార్డుల్లో తప్పు బయటపడితే అందరి ముందు తిట్లు, జీతంలో కోత. అలా పెరిగిన పిల్ల నోరు విప్పి తప్పు ఒప్పుకోమంటే ఎలా ఒప్పుకుంటుంది? ఆ ప్రశ్న మొదటిసారి విన్నప్పుడు మనకి వింతగా ఉంటుంది, కానీ నేను చూసినవాటిలో అన్నింటికంటే మంచి ప్రశ్న అదే. అయితే నర్సుల్ని విదేశాలకి పంపే ఏజెన్సీలు దానికీ రెడీమేడ్ జవాబులు రాసిచ్చి బట్టీ పట్టిస్తున్నాయి. పదిమంది అభ్యర్థులు ఒకే తప్పు చేశామని చెబితే ప్యానెల్‌కి తెలిసిపోతుంది.

నల్గొండ వార్డు సిస్టర్:
జంతువు ప్రశ్న సంగతి వదిలేయండి, నన్ను ఎక్కువ బాధపెట్టేది "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్". ఇంగ్లీషులో గడగడా చెప్పిన పిల్ల సెలెక్ట్ అవుతుంది, తడబడిన పిల్ల ఇంటికి పోతుంది. ఇంగ్లీష్ వద్దనను. చార్టులు, ఆర్డర్లు, హ్యాండోవర్ అన్నీ ఇంగ్లీషులోనే, అది రావాల్సిందే. కానీ డిశ్చార్జ్ రోజు అరవై ఏళ్ల అవ్వకి ఇన్సులిన్ పెన్ను చేతిలో పెట్టి, ఎన్ని యూనిట్లు తిప్పాలి, తినకపోతే ఏం చెయ్యాలి, ఒళ్లు చెమటలు పట్టి వణుకొస్తే చక్కెర నోట్లో వేసుకోవాలని ఎవరు చెబుతారు? మేమే చెబుతాం, తెలుగులో, కొన్నిసార్లు ఉర్దూలో. ఆ అవ్వ తల ఊపితే సరిపోదు, ఆమెతోనే తిరిగి చెప్పించాలి. ఇంటర్వ్యూలో దీన్ని ఎవరూ పరీక్షించరు. "నేను షుగర్ పేషెంట్‌ని అనుకో, నాకు చెప్పు" అని రెండు నిమిషాలిస్తే ఆ పిల్ల ఎలాంటి నర్సో తెలిసిపోతుంది కదా.

పరీక్షల బ్యాచ్:
ఇదంతా ఎందుకు, ఇంటర్వ్యూలే తీసేయాలి. తెలంగాణలో ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టులకి 80 మార్కులకి రాతపరీక్ష, ప్రభుత్వంలో కాంట్రాక్ట్, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకి 20 మార్కులు. ఎవరి పెళ్లి ఎవరికీ అక్కర్లేదు.

నల్గొండ వార్డు సిస్టర్:
ప్రభుత్వానికి సరే తమ్ముడూ. కానీ ఆబ్జెక్టివ్ పేపర్‌లో నేను చెప్పిన ఆ అవ్వ ఎక్కడుంటుంది?

నర్సింగ్ సూపరింటెండెంట్, విజయవాడ:
రెండ్రోజులుగా అందరివీ చదువుతున్నాను. పేరోల్ మనిషి చెప్పింది మా అకౌంట్స్‌లో కనుక్కున్నాను. మా దగ్గరా నిజమే, సెలవులో ఉన్నవాళ్లకి జీతం మేమిచ్చింది లేదు. ఇన్నేళ్లూ నాకు చెప్పినవాళ్లు లేరు. వచ్చే నెల మీటింగ్‌లో బదులు నర్సుల గురించి ఆ లెక్కతోనే అడుగుతాను.

నేను అడిగేవాటిలో మంచి ప్రశ్న ఒకటి చెబుతాను, అన్నీ పనికిరానివని అనుకోకండి. "రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టర్ ఫోన్‌లో పొటాషియం క్లోరైడ్ 20 మిల్లీఈక్వివలెంట్స్ ఐవీ వెంటనే ఇవ్వమన్నాడు. ఏం చేస్తావు?" చదువు బాగా వచ్చిన పిల్ల కూడా ఒక్కోసారి "ఆర్డర్ ప్రకారం ఇస్తాను మేడమ్" అంటుంది. సిరంజితో నేరుగా నరంలోకి పుష్ చేస్తే గుండె ఆగిపోతుంది. "పొటాషియం రిపోర్ట్ చూస్తాను, యూరిన్ వస్తోందా చూస్తాను, ఆర్డర్ తిరిగి చదివి వినిపిస్తాను, డైల్యూట్ చేసి పంపు మీద నెమ్మదిగానే ఇస్తాను, రాతలో ఆర్డర్ అడుగుతాను, పుష్ చెయ్యమంటే చెయ్యను" అన్న పిల్లని నేను వదులుకోను. ఆమెకి పెళ్లయినా సరే, కాకపోయినా సరే.

కానీ నైట్ల సంగతి మాత్రం నాకు తెలియాలి. దాన్ని ఎలా అడగాలో చెప్పండి.

ఖమ్మం సిస్టర్:
మేడమ్, ముందు మీరే చెప్పండి. నెలకి ఎన్ని నైట్లు, వరుసగా ఎన్ని, వాటి తర్వాత ఎన్ని ఆఫ్‌లు, రాత్రిపూట రానూపోనూ బస్సుందా, సెలవు కావాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. అంతా చెప్పి, "ఈ రోస్టర్ చెయ్యగలవా?" అని ఆడపిల్లనీ, వరంగల్ తమ్ముణ్నీ ఒకేలా అడగండి. చెయ్యగలనని చెప్పి చేరాక చెయ్యకపోతే అప్పుడు నన్ను నిలదీయండి, ఒప్పుకుంటాను. ఇంట్లో ఎవరిని అడిగి ఆ జవాబు చెబుతున్నానన్నది నాకు వదిలేయండి.