వీడియో కాల్‌లో సీబీటీ: బ్యాంకు పని ఒత్తిడికి నిజంగా పనిచేస్తుందా?

ప్రశ్న: పల్నాడు బ్రాంచి

అందరికీ నమస్కారం. పల్నాడు జిల్లాలోని ఒక బ్యాంకు శాఖలో రుణాల విభాగం చూసే అధికారిణిని. పంట రుణాల రెన్యువళ్లు, బంగారం తాకట్టు, డ్వాక్రా సంఘాల ఖాతాలు, వీటి మధ్య బీమా పాలసీల టార్గెట్లు, సాయంత్రం ఆరు దాటాక రీజనల్ ఆఫీసుతో వీడియో కాన్ఫరెన్సు. ఇదీ రోజువారీ పని. పని ఎక్కువ కావడం మాకు కొత్త కాదు గానీ, ఈ ఏడాది నాలో వచ్చిన మార్పే నన్ను భయపెడుతోంది. ఒకే సర్క్యులర్‌ను మళ్లీ మళ్లీ చదివినా బుర్రకెక్కడం లేదు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం వచ్చిన పెద్దవాళ్ల వేలిముద్ర యంత్రం మీద పడకపోతే, వాళ్ల తప్పేమీ లేదని తెలిసీ లోపల విసుగు ముంచుకొస్తుంది. ఆదివారం భోజనం కాగానే సోమవారం గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది. రాత్రి ఎంత ఆలస్యంగా పడుకున్నా మూడింటికే మెలకువ వచ్చేస్తోంది.

మా డాక్టరుగారు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు చేయించి, అన్నీ సరిగానే ఉన్నాయని చెప్పి, ఆన్‌లైన్‌లో సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలను, అలవాట్లను సరిచేసుకునే మాటల చికిత్స) తీసుకోమన్నారు. మా ఊళ్లో క్లినికల్ సైకాలజిస్టు ఎవరూ లేరు, గుంటూరు వెళ్లి రావాలంటే వారం వారం సెలవు పెట్టాలి. ఫోన్ తెర మీద మాట్లాడుకుంటే నిద్ర పడుతుందా? ఫోనులో దొరికే యాప్‌తో సరిపెట్టుకోవచ్చా? సంగతి ఆఫీసు దాకా వెళ్లే ప్రమాదం ఉందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: విశాఖ సైకాలజిస్టు

మేడమ్, నేను క్లినికల్ సైకాలజిస్టుని. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామందితో వీడియో కాల్‌లోనే పనిచేస్తాను. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా అచ్చం ఇలాంటి నీరసాన్నే తెస్తాయి కనుక, ముందు పరీక్షలు చేయించి మీ డాక్టరుగారు మంచి పని చేశారు. మీరు చెప్పేదాన్ని చాలామంది బర్నౌట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 అనే అంతర్జాతీయ వర్గీకరణలో దాన్ని జబ్బుగా లెక్కించలేదు. చాలాకాలంగా అదుపులోకి రాని పని ఒత్తిడి వల్ల కలిగే స్థితిగా దాన్ని చెప్పారు. శక్తి హరించుకుపోవడం, పని మీద విముఖత పెరగడం, ఏదీ సరిగా చేయలేకపోతున్నామనిపించడం అందులోని మూడు లక్షణాలు. మీరు రాసినదాంట్లో మూడింటి ఛాయలూ ఉన్నాయి. అయితే తెల్లవారకముందే మెలకువ రావడం డిప్రెషన్‌లోనూ కనిపిస్తుంది. మొదటి సెషన్‌లో ఆ సంగతి తేల్చకుండా నేరుగా ఒత్తిడి కోర్సులోకి దింపేవారిని నేనైతే నమ్మను.

ఓదార్పు కోసం సీబీటీలో చేరినవారు తొందరగానే నిరుత్సాహపడతారు. సాధారణంగా వారానికి ఒక సెషన్, ఒక్కొక్కటి 45 నుంచి 60 నిమిషాలు, మొత్తం ఎనిమిది నుంచి పన్నెండు ఉంటాయి. అసలు పని మాత్రం రెండు సెషన్ల మధ్య ఇంటి దగ్గర, ఆఫీసులో జరుగుతుంది. వీడియో కాన్ఫరెన్సులో ఓవర్‌డ్యూ (గడువు దాటిన రుణాల) పట్టిక మీద మీ బ్రాంచి పేరు ఎర్ర రంగులో కనిపించిందనుకుందాం. అప్పుడు మనసులో మెదిలిన మాటను ఉన్నదున్నట్టు రాయమంటాం: ‘ఇదంతా నా చేతగానితనం వల్లే.’ దాన్ని నూటికి ఎంత నమ్ముతున్నారో అంకె వేయమంటాం. తర్వాత ఆ మాటను బలపరిచేవి ఒకవైపు, కాదనేవి మరోవైపు రాయాలి. మిర్చి దెబ్బతిన్న ఊళ్ల ఖాతాలు ఎన్ని, మాఫీ వస్తుందేమోనని ఆగిన రైతులు ఎందరు, మీరు నిజంగానే ఫోన్ చేయడం మరిచిన ఖాతాలు ఎన్ని? ఆఖరి ప్రశ్నకు జవాబు సున్నా కానక్కరలేదు. నాలుగు అని తేలితే ఆ నాలుగింటికీ మర్నాడు ఫోన్ చేస్తారు, తక్కినవాటి భారం మీ నెత్తిన వేసుకోరు. చివర్లో మళ్లీ అంకె వేస్తే, తొంభై ఉన్నది సాధారణంగా కొంత దిగుతుంది. దీన్ని ‘పాజిటివ్ థింకింగ్’ అనేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. మంచిగా ఆలోచించమని ఇందులో ఎవరూ చెప్పరు, లెక్క సరిచూసుకోమంటారు. అది మీకు చేతనైన విద్యే.

ఆలోచనల తర్వాత అలవాట్లు. అలసిపోయినవారు ముందుగా మానేసేవి తమకు నచ్చిన పనులే: సాయంత్రపు నడక, అక్కాచెల్లెళ్లతో కబుర్లు, మొక్కలకు నీళ్లు పోయడం. ఓపిక వచ్చాక చేద్దామనుకుంటే ఆ ఓపిక రాదు కనుక, వాటిని ఫలానా రోజు ఫలానా వేళకని రాసిపెట్టి, మనసు ఒప్పకపోయినా చేయిస్తాం. నిద్ర విషయంలో ఇంకాస్త కటువుగానే ఉంటాం: సెలవు రోజైనా ఒకే వేళకు లేవడం, మంచం మీద ఫోన్ ముట్టకపోవడం, మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోవడం. మొదటి రెండు వారాలు ఇది విసిగిస్తుంది, పగలు కునికిపాట్లు కూడా రావచ్చు. వీటిలో ఏదీ తెర మీద నేర్పడానికి వీలుకానిది కాదు.

యాప్‌ల సంగతి వేరు. మనిషి తోడు లేకుండా సొంతంగా చేసే కోర్సులతో కొంత మేలు ఉంటుంది గానీ, మధ్యలో వదిలేసేవారు ఎక్కువ. వారానికి పది పదిహేను నిమిషాలైనా ఒక థెరపిస్టు మీ అభ్యాసాలు చదివి జవాబిచ్చే పద్ధతిలో ఫలితం మెరుగ్గా ఉంటుందని ఇన్నేళ్ల పరిశోధన చెబుతోంది. ఎవరిని ఎంచుకున్నా క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ సంఖ్య అడగండి. ‘లైఫ్ కోచ్’ అని రాసుకున్నవారికి అది ఉండదు.

జవాబు: స్టాక్‌హోమ్ నుంచి

స్వీడన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ ఒత్తిడి వల్ల వచ్చే తీవ్రమైన అలసటకు 2005 నుంచే వైద్యపరంగా ప్రత్యేకమైన నిర్ధారణ ఉంది. స్టాక్‌హోమ్‌లో 2007 నుంచి ఇంటర్నెట్ సీబీటీ ప్రభుత్వ వైద్యంలో భాగంగానే నడుస్తోంది. నేను తీసుకున్న చికిత్సలో వీడియో కూడా లేదు. వారానికి ఒక పాఠం చదవడం, అభ్యాసం రాసి పంపడం, థెరపిస్టు రాసిన జవాబు అందుకోవడం, అంతే. ముఖం చూడకుండా ఏం చికిత్స అనుకున్నాను గానీ, ఎదురుగా కూర్చుంటే చెప్పడానికి మొహమాటపడేవి రాతలో సులువుగా బయటికొచ్చాయి.

బాగా పనికొచ్చింది ఒక చిన్న ప్రయోగం. రాత్రి ఏడు తర్వాత ఆఫీసు మెయిల్ తెరవకపోతే ఏం జరుగుతుందని భయపడుతున్నానో ముందే రాసిపెట్టి, నిజంగా ఏం జరిగిందో మర్నాడు పక్కన రాయాలి. నేను ఊహించిన ఉపద్రవాల్లో ఒకటీ అరా తప్ప రాలేదు, వచ్చినవి కూడా పొద్దున్నే తేలిపోయాయి. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఇక్కడ అనారోగ్య భత్యాన్ని పావు, సగం, ముప్పావు, పూర్తి అని విడగొట్టి ఇస్తారు కాబట్టి నేను సగం రోజు పనితో మెల్లగా తిరిగి చేరగలిగాను. ఆ వెసులుబాటు లేకుండా ఇదే చికిత్స ఇంత సాఫీగా సాగేదని చెప్పలేను.

జవాబు: కౌంటరు నంబరు మూడు

పై ఇద్దరి మాటలనూ గౌరవిస్తూనే నా అభ్యంతరం చెబుతాను. బ్యాంకు ఉద్యోగంలోనే తల నెరిసినవాణ్ని, యూనియన్‌లో తిరిగినవాణ్ని. ముగ్గురు చేయాల్సిన పని ఒకరి మీద పడితే, ఆ ఒక్కరి ఆలోచనలు సరిదిద్దడం చికిత్స ఎలా అవుతుంది? కప్పు కారుతుంటే కింద బిందె పెట్టి, బిందెను మెరుగుపరుస్తూ కూర్చున్నట్టుంది. అమ్మా, మీ ఆలోచనలో లోపమేమీ లేదు, లోపమంతా శాఖలో సిబ్బంది కొరతలోనూ, బీమా అమ్మకాన్ని రుణాల అధికారి నెత్తిన పెట్టడంలోనూ ఉంది.

జవాబు: విశాఖ సైకాలజిస్టు

అయ్యా, మీ అభ్యంతరంలో సగానికి పైగా నేను ఒప్పుకుంటాను. పని సంగతి పక్కనపెట్టి లక్షణాలకే సీబీటీ చేస్తే ఒత్తిడి, దిగులు తగ్గుతాయి గానీ ఉద్యోగంలో నిలదొక్కుకోవడానికి అది అంతగా సాయపడదు. నెదర్లాండ్స్‌లో 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, మామూలు సీబీటీ తీసుకున్నవారికంటే, పనికి తిరిగి చేరడం మీదే దృష్టి పెట్టిన సీబీటీ తీసుకున్నవారు 65 రోజులు ముందుగా పూర్తిస్థాయి పనిలోకి వచ్చారు. అందుకే కనీసం ఒకటి రెండు సెషన్లు పై అధికారితో ఏం మాట్లాడాలన్న దానికే కేటాయించమని మేడమ్‌కు నా సూచన. ‘పని ఎక్కువగా ఉంది సార్’ అంటే ‘ఎవరికి తక్కువ?’ అన్న జవాబే వస్తుంది. ‘ఖరీఫ్ రెన్యువళ్లు పూర్తయ్యేదాకా బీమా టార్గెట్ ఫలానావారికి మార్చండి, అప్పుడు ఇన్ని ఫైళ్లు ఈ తేదీకి పూర్తి చేస్తాను’ అంటే కనీసం మాట ముందుకు సాగుతుంది. ఆ సంభాషణను సెషన్‌లో నేను మేనేజరుగా నటిస్తూ రెండు మూడుసార్లు సాధన చేయిస్తాను. సిబ్బంది కొరత గురించి పోరాడే పని యూనియన్‌దే, అది మానవద్దు. పోరాడటానికైనా ముందు మనిషికి నిద్ర ఉండాలి కదా.

పల్నాడు బ్రాంచి

అందరికీ కృతజ్ఞతలు. రెండు ఇబ్బందులు మిగిలాయి. ఇంట్లో రెండే గదులు, అత్తగారు, పిల్లలు ఉంటారు, అందరూ వింటుండగా ఇవన్నీ ఎలా మాట్లాడను? పైగా తగ్గుతోందో లేదో తెలిసేదెలా?

జవాబు: విశాఖ సైకాలజిస్టు

నా దగ్గరికి వచ్చేవారిలో కొందరు డాబా మీద నుంచి, కొందరు ఆపివున్న కారులో నుంచి మాట్లాడతారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే నా మాటలు బయటికి వినిపించవు, పైకి చెప్పలేనివి చాట్‌లో టైప్ చేయవచ్చు. గోప్యత విషయానికొస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ చికిత్స వివరాలను రహస్యంగా ఉంచడం మా బాధ్యత. ఎవరికైనా ప్రాణాపాయం ఉన్నప్పుడు, న్యాయస్థానం వంటివి ఆదేశించినప్పుడు వంటి మినహాయింపులు ఉన్నాయి గానీ, మీ యాజమాన్యం అడిగినంత మాత్రాన ఇవ్వకూడదు. ఒకవేళ బ్యాంకు సమకూర్చిన కౌన్సెలింగ్ సేవనే వాడితే, ఏ సమాచారం ఎవరికి వెళ్తుందో ముందే రాతపూర్వకంగా అడగండి.

పురోగతికి పీహెచ్‌క్యూ-9, జీఏడీ-7 అని దిగులును, ఆందోళనను అంకెల్లో కొలిచే చిన్న ప్రశ్నావళులు ఉన్నాయి, వాటిని రెండు వారాలకోసారి నింపిస్తాం. ఐదారు సెషన్లు దాటినా అంకెలు కదలకపోతే పద్ధతి మార్చమనో, సైకియాట్రిస్టును కలిసే ఏర్పాటు చేయమనో మీరే అడగండి, ఏ మంచి థెరపిస్టూ నొచ్చుకోరు. పీహెచ్‌క్యూ-9లో చివరి ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి జవాబు సున్నా కాని రోజున తర్వాతి సెషన్ దాకా ఆగకుండా ఇంట్లోవారికి, డాక్టరుగారికి చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. అంత దూరం రాకముందు కూడా దానికి ఫోన్ చేయవచ్చు.

సమయం సంగతి: రెండో, నాలుగో శనివారాలు మీకు సెలవే, మిగతా వారాల్లో రాత్రి ఎనిమిది తర్వాత ఇచ్చేవారు దొరుకుతారు. మార్చి ఆఖరి వారంలో సెషన్ వాయిదా వేయాలనిపిస్తుంది కనుక, ఆ వారానిది మొదటే బుక్ చేసి పెట్టుకోండి.