‘ఇన్ ద వుడ్స్’: పాత కేసు తేల్చకుండా వదిలేయడం పాఠకుడికి అన్యాయం కాదా?

రావిచెట్టు:
ముందే చెప్తున్నాను, ఈ చర్చలో నవల ముగింపు మొత్తం వస్తుంది. చదవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.

టానా ఫ్రెంచ్ మొదటి నవల ‘ఇన్ ద వుడ్స్’ నిన్న రాత్రి రెండింటికి పూర్తి చేశాను. 2007లో వచ్చింది, మరుసటి ఏడాది ఉత్తమ తొలి నవలగా ఎడ్గార్ అవార్డు తెచ్చుకుంది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు, కోపంతో.

చదవనివాళ్ల కోసం కథ కొంచెం. 1984 ఆగస్టు. డబ్లిన్ శివార్లలో నాక్‌నరీ అనే కల్పిత ఊరు. పన్నెండేళ్ల పిల్లలు ముగ్గురు ఇళ్ల పక్కనున్న అడవిలోకి ఆడుకోవడానికి వెళ్లి తిరిగి రాలేదు. వెతికితే ఒక్కడు దొరికాడు. చెట్టుకి అతుక్కుపోయి, బెరడులోకి గోళ్లు దిగేలా పట్టుకుని ఉన్నాడు. బూట్ల నిండా రక్తం. ఏం జరిగిందో వాడికి ఒక్క ముక్క గుర్తు లేదు. మిగతా ఇద్దరూ, పీటర్, జేమీ, మళ్లీ ఎవరికీ కనబడలేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ దొరికిన పిల్లాడే రాబ్ ర్యాన్ అనే పేరుతో హత్యల విభాగంలో డిటెక్టివ్. అదే అడవి దగ్గర, పురావస్తు తవ్వకాల్లో బయటపడ్డ రాతి బలిపీఠం మీద కేటీ డెవ్లిన్ అనే పన్నెండేళ్ల అమ్మాయి శవం దొరుకుతుంది. కేసు ర్యాన్‌కీ, అతనితో కలిసి పనిచేసే కాసీ మాడాక్స్‌కీ వస్తుంది.

కేటీని ఎవరు చంపారో తేలుతుంది. పీటర్, జేమీ ఏమయ్యారో మాత్రం తేలదు. మధ్యలో ఒక హెయిర్ క్లిప్ దొరుకుతుంది, అది జేమీదే అని ర్యాన్ గుర్తుపడతాడు. అక్కడ నా గుండె దడదడలాడింది. ఆ క్లిప్ చివరికి ఏ జవాబు దగ్గరికీ తీసుకెళ్లలేదు.

నేను కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకుని చదివి పెరిగినవాణ్ణి. ముడి వేసినవాడే విప్పాలి. పోలీసు నవల అంటే ఒక ఫైలు. ఈవిడ రెండు ఫైళ్లు తెరిచి ఒకటే మూసింది. మీరేమంటారు?

మంచినీళ్ల బావి:
నేనూ అలాగే తిట్టుకున్నాను. కానీ రెండోసారి చదివినప్పుడు మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోయాను. తనకి నిజం కావాలనీ, తను అబద్ధాలు చెప్తాననీ ర్యాన్ మనకి మొదట్లోనే చెప్పేశాడు. చెప్పి మరీ మోసం చేశాడు కాబట్టి నేను అన్యాయం అనను.

లిఫీ ఒడ్డున:
నేను డబ్లిన్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఈ నవల ఇక్కడికొచ్చిన రెండో ఏడు చదివాను. అందుకని నాకు వేరేగా అనిపించింది.

నాక్‌నరీ కల్పితమే, కానీ ఆ రోడ్డు గొడవ కల్పితం కాదు. నవలలో తవ్వకాల చోటు మీదుగా మోటర్‌వే వెయ్యొద్దని కేటీ తండ్రే ఉద్యమం నడుపుతుంటాడు. ఇక్కడ నిజంగానే ఎమ్50 మోటర్‌వే ఆఖరి ముక్క కోసం కారిక్‌మైన్స్ అనే చోట పాత కోట శిథిలాల మీదుగా దారి వేశారు. 2002లో జనం వెళ్లి ఆ చోటిని ఆక్రమించి కూర్చున్నారు. కోర్టుల దాకా వెళ్లింది. 2005లో రోడ్డు తెరిచేశారు. మా ఆఫీసుకి నేను రోజూ దాని మీదే వెళ్తాను. నవల చదివాక మొదటిసారి ఆ ఎగ్జిట్ దగ్గరికి వచ్చేసరికి నాకు తెలియకుండానే కారు స్లో చేశాను.

ఇంకోటి. 1986 అక్టోబరులో, డబ్లిన్ దక్షిణాన రాత్‌ఫార్నమ్‌లో పదమూడేళ్ల అబ్బాయి మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచేసి, బడికి తిరిగి వెళ్తూ మాయమయ్యాడు. పట్టపగలు, ఇళ్ల మధ్య. ఆరు రోజులకి అతని స్కూల్ బ్యాగు ఆ దగ్గర్లోనే ఒక సందులో దొరికింది. పిల్లాడు దొరకలేదు. ఆ కేసు ఇప్పటికీ తేలలేదు. దాన్నే నవలగా రాసిందని నేను అనడం లేదు. ఇలాంటిది జరిగిన ఊళ్లో కూర్చుని, ఆఖరి అధ్యాయంలో ఒకణ్ణి పట్టుకొచ్చి ‘వీడే’ అని చూపిస్తే, అది నాకు అబద్ధంలా ఉండేది.

నవలలో ఒప్పుకోలేనిది నాకు వేరే ఉంది. డబ్లిన్ కాసిల్‌లో హత్యల కోసమే ప్రత్యేకంగా కూర్చునే స్క్వాడ్ ఇప్పుడు ఇక్కడ లేదు. హత్య జరిగితే ఆ ప్రాంతపు స్టేషన్‌లోని గార్డా (ఇక్కడి పోలీసులని అలా అంటారు) డిటెక్టివ్‌లే కేసు నడుపుతారు. కావాలంటే పైనుంచి జాతీయ విభాగం సాయం వస్తుంది. ప్రతి చిన్న పనికీ నంబరు వేసి ‘జాబ్స్ బుక్’లో రాసుకుంటారు, ఎవరికి అప్పగించారో, ఏం తేలిందో. నవలలో ర్యాన్ తోచినట్టు తిరుగుతుంటాడు. పోలీసు నవలగా నాకు వెలితి అనిపించింది అక్కడే, పాత కేసు దగ్గర కాదు.

నల్లకోటు:
నేను గుంటూరులో క్రిమినల్ కేసులు వాదిస్తాను. అందరూ పాత కేసు గురించే మాట్లాడుతున్నారు. కొత్త కేసు మాత్రం మూతపడిందా? నా లెక్కలో పడలేదు.

చంపినవాడు తవ్వకాల్లో పనిచేసే కుర్రాడు డేమియన్. చంపించింది కేటీ అక్క రోజలిండ్. కాసీ ఒంటి మీద మైకు పెట్టుకుని వెళ్లి ఆమె నోటితోనే అంతా చెప్పిస్తుంది. తీరా చూస్తే రోజలిండ్‌కి ఇంకా పద్దెనిమిది నిండలేదు! ఐర్లాండ్‌లో 2001 నాటి చిల్డ్రన్ యాక్ట్ ప్రకారం మైనర్‌ని తల్లిదండ్రులో, మరో పెద్దవాళ్లో పక్కన లేకుండా మామూలుగా విచారించకూడదు. ఆ రికార్డింగ్ మొత్తం కోర్టుకి పనికిరాకుండా పోయింది. డేమియన్ జైలుకి వెళ్లాడు. హత్యకి పథకం వేసిన మనిషి దాదాపు తప్పించుకుంది.

కారణం ఏమిటి? పద్దెనిమిదేళ్లని ఆ పిల్ల ర్యాన్‌తో అంది. ర్యాన్ నమ్మాడు. పుట్టిన తేదీ చూడలేదు. మా దగ్గర ఏ జూనియర్‌ని అడిగినా చెప్తాడు, నిందితుడు కుర్రాడిలా కనిపిస్తే ముందు టెన్త్ సర్టిఫికెట్ తీసుకు రమ్మంటాం. వయసు తేలాకే మిగతా మాట.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక తికమక కూడా ఉంటుంది. పోలీసు అధికారి దగ్గర నేరం ఒప్పుకున్నా మన కోర్టులో అది నిందితుడి మీద రుజువు కాదు. 1872 ఎవిడెన్స్ యాక్ట్‌లో 25వ సెక్షన్, ఇప్పుడు 2023 భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ చెప్పేది అదే. ఆ మాట పట్టుకుని వెళ్తే ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకే చెల్లుతుంది. ఐర్లాండ్‌లో అలా కాదు. పద్ధతి ప్రకారం తీసుకున్న ఒప్పుకోలు కోర్టులో నిలబడుతుంది. అందుకే ఆ నవలలో ఇంటరాగేషన్ గదికి అంత బరువు.

నేను ర్యాన్‌ని క్షమించలేను. తను ఆ పాత కేసులో బాధితుడినని పై అధికారికి చెప్పకుండా ఈ కేసు పట్టుకోవడమే మొదటి తప్పు. డిఫెన్స్ లాయరుకి ఆ సంగతి తెలిస్తే పావుగంటలో కేసు చింపి ఆరేస్తాడు. ఈ నవల చెప్పేది ఆ తప్పు గురించే అని నేననుకుంటాను. పాత కేసు తేలి ఉంటే ఆ తప్పుకి బహుమతి ఇచ్చినట్టయ్యేది.

రావిచెట్టు:
నల్లకోటు గారూ, బహుమతి అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అది ఒప్పుకుంటాను.

కానీ లిఫీ ఒడ్డున గారూ, జీవితంలో కొన్ని తేలవని నాకు నవల చెప్పక్కర్లేదండీ. మా చిన్న మేనమామ 1996లో సాయంత్రం సైకిలు తీసుకుని వెళ్లి ఇంటికి రాలేదు. సైకిలు కూడా దొరకలేదు. మా అమ్మమ్మ పోయేదాకా వీధి తలుపు గడియ పెట్టనిచ్చేది కాదు. మూడు చెంబుల నీళ్లు అరుగు మీద పెట్టేది. వస్తే కాళ్లు కడుక్కోవాలి కదా అనేది. ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి. నాకు పుస్తకంలోనైనా ఆ తలుపు తెరుచుకోవాలి. అందుకే డిటెక్టివ్ నవలలు చదువుతాను.

లిఫీ ఒడ్డున:
రావిచెట్టు గారూ, నాకు ఏం రాయాలో తోచక పొద్దుటి నుంచీ ఈ పేజీ తెరిచి పెట్టుకున్నాను. మిమ్మల్ని నొప్పించి ఉంటే క్షమించండి.

ఒక్కటి మాత్రం చెప్తాను. ర్యాన్ ఒక రాత్రి ఒంటరిగా ఆ అడవిలో పడుకోవడానికి వెళ్తాడు, గుర్తుందా? అప్పుడే జ్ఞాపకాలు ఒక్కొక్కటీ తిరిగి రావడం మొదలవుతుంది. పీటర్ ముందు పరిగెడుతుంటాడు. ఇంకొంచెం ఆగితే తెలిసేది. ఆగలేకపోయాడు. భయపడి కాసీకి ఫోన్ చేసి పారిపోయాడు. నాకు ముగింపు అక్కడే దొరికింది. రచయిత్రి జవాబు దాచలేదు, ర్యాన్ చూడలేకపోయాడు. మీ అమ్మమ్మ గారు మాత్రం చివరిదాకా గుమ్మంలో నిలబడ్డారు.

మంచినీళ్ల బావి:
ఇంకెవరైనా చదవబోతుంటే తెలియాలని చెప్తున్నా: ఈ వరుసలో ఆరు నవలలు వచ్చాయి, చివరిది 2016లో. ప్రతిదానికీ చెప్పేవాళ్లు మారతారు. రెండోది ‘ది లైక్‌నెస్’ కాసీ చెప్తుంది. పీటర్, జేమీల సంగతి మాత్రం ఎక్కడా తేలదు. ఆ ఆశతో కొనొద్దు.

రావిచెట్టు:
చెప్పినందుకు థాంక్స్ అండీ, ఆ ఆశతోనే రెండోది బుక్ చేశాను.

అడవిలో రాత్రి అధ్యాయం ఇప్పుడే మళ్లీ చదివాను. లిఫీ ఒడ్డున గారు చెప్పింది నిజమే, అతను ఆగి ఉంటే తెలిసేది. కోపం తగ్గలేదు, కానీ అది రచయిత్రి మీద నుంచి ర్యాన్ మీదకి మళ్లింది. ఇంకో గంట ఉండలేకపోయాడా?