లస్కరు, సరంగు, తండేలు: ఓడల మీది మాటలు

ప్రశ్న: ఇంగ్లీషువాళ్ల పాత ఓడల సంగతులు చదువుతుంటే ‘లాస్కర్’ అనే మాట మాటిమాటికీ తగులుతోంది. వాళ్ల ఓడల్లో పనిచేసిన మనదేశపు నావికుడట. మా కోనసీమలో లస్కరంటే కాలువ మీది ఇరిగేషన్ మనిషి. వంతు వచ్చిన రోజున షట్టర్ ఎత్తేది ఆయనే. ఓడకీ వరిచేనుకీ ఏమిటండీ చుట్టరికం?

జవాబు: రెండూ ఒకటే మాటండీ. పారశీకంలో లష్కర్ అంటే సైన్యం. సికింద్రాబాదు బోనాలను లష్కర్ బోనాలు అంటారు కదా, అక్కడ దండు దిగబట్టే ఆ పేరు. పోర్చుగీసుల నోట పడి ఇంగ్లీషుకి చేరేసరికి మాట హోదా పడిపోయింది: నీళ్ల మీద ఓడ పనివాడు, నేల మీద ఫిరంగులు లాగే, డేరాలు వేసే మనిషి. మన ‘కైంకర్యం’ సేవ నుంచి కాజేయడానికి దిగజారినట్టు, ఇదీ అర్థాపకర్షే. ఇక కాలువ గట్టుకి ఎలా చేరిందంటారా? 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టిన కాటన్ దొర సైన్యపు ఇంజినీరే. పటాలంలో వాడే మాటే కాలువల మీదికీ వచ్చిందని నా అభిప్రాయం.

ఇంకొకరు: సరంగునీ కలపండి. ఇంగ్లీషు ఓడల్లో ‘సెరాంగ్’ లాస్కర్ల మీద మేస్త్రీ. మూలం పారశీక ‘సర్‌హంగ్’. ఇరాన్ సైన్యంలో ఇప్పటికీ కల్నల్‌ని అలాగే అంటారు. నేవీలో కల్నల్‌తో సమానమైన హోదా కెప్టెన్ కాబట్టి, పాపికొండల లాంచీ సరంగుని కెప్టెన్ గారూ అని పిలిస్తే తప్పేమీ లేదు!

మరొకరు: అడ్మిరల్ కూడా తూర్పు సరుకే. అరబ్బీలో అమీర్ అంటే అధిపతి. ‘అమీర్ అల్’ అంటే ‘ఫలానా దానికి అధిపతి’. యూరప్ వాళ్లు ఆ ఫలానాని వదిలేసి ‘అల్’ దగ్గరే ఆగిపోయారు. మధ్యలో ‘డ’కారం లాటిన్ మాటతో పొరబడి చేరింది. నాకు మాత్రం ఆ తోక తెగిన ‘అల్’ భలే నవ్వు తెప్పిస్తుంది.

శ్రీకాకుళం నుంచి: తండేలుని మరిచిపోయారు. ఇంగ్లీషులో ‘టిండల్’ అని రాసి, సరంగు కింద చిన్న ఉద్యోగిగా లెక్కగట్టారు. మా మత్స్యకారుల్లో అలా కాదు. గుజరాత్‌లోని వేరావల్ రేవుకి వెళ్లే బోట్లలో తండేలే పెద్ద. ఎటు పోవాలో, వల ఎక్కడ వేయాలో ఆయన మాటే. జీతం కూడా కళాసీల కంటే ఎక్కువే.