అప్‌డేట్: మేడ మీద కంప్యూటర్‌కీ నెట్ వచ్చేసింది

కావలిలో మా ఇంట్లో ఒకటే ఫైబర్ కనెక్షన్. కింద నా కంప్యూటర్‌కి బాగానే వస్తోంది, మేడ మీద తమ్ముడి కంప్యూటర్‌కి వైఫై అందడం లేదు, ఇంకో కనెక్షన్ తీసుకోవాలా అని అడిగాను కదా. ఆ ఖర్చు లేకుండానే పనైపోయింది.

మీలో ఎక్కువమంది చెప్పినట్టే క్యాట్ 6 కేబుల్ (నెట్ తీసుకెళ్లే వైరు) పైకి లాగించాం. 100 మీటర్ల దాకా దానికి ఢోకా లేదు, మాకు అందులో పావు వంతు కూడా పట్టలేదు. మూలన పడున్న పాత రౌటర్‌ని పైన పెట్టి, డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకి నెట్‌వర్క్ అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, దానికి కింది మోడెమ్ పంచే వరసలో లేని అడ్రస్ ఒకటి ఇచ్చాం. కేబుల్‌ని బయటి నెట్ కోసం ఉండే వాన్ పోర్టులో కాకుండా, ఇంట్లో కంప్యూటర్లు తగిలించే లాన్ పోర్టులో గుచ్చాం. దాంతో రెండు కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చాయి, కింద ఉన్న ప్రింటర్ వాడికీ కనబడుతోంది.

ఒక్క తిరకాసు మాత్రం వచ్చింది. మా ప్లాన్ 200 ఎంబీపీఎస్ అయితే పైన స్పీడు 95 దాటదే! కేబుల్ లాగిన అబ్బాయి "పైకి అంతే వస్తది సార్" అని తేల్చేశాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. కనెక్టర్‌ని టార్చి వెలుగులో చూస్తే గోధుమరంగు తీగ కొస దాకా వెళ్లలేదు. ఎనిమిది తీగలూ సరిగ్గా తగిలితేనే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్పీడు, లేదంటే 100 దగ్గరే ఆగిపోతుంది. కొస కత్తిరించి కొత్త కనెక్టర్ వేయిస్తే స్పీడు పూర్తిగా వచ్చింది.

తమ్ముడు పెద్ద గేమ్ డౌన్‌లోడ్ పెడితే నా మీటింగ్ మాత్రం ఇంకా తడబడుతోంది. ప్రస్తుతానికి రాత్రి పూట పెట్టుకోమన్నాను. వింటాడని నమ్మకం లేదు.